రెండు వేళ్ళు పైకి

“కడుపంతా కోయమమ్మా. నాలుగు చిన్న రంధ్రాల్లోంచే పెద్దపేగులో క్యాన్సరున్న ముక్క తీసేస్తాం,” అంటూ డాక్టరు, ఎదురుగా పడుకున్న దర్జీ పొట్ట మీద పెన్నుతో నాలుగు చుక్కలు పెట్టాడు. నడుం దగ్గర ఒక సున్నా చుట్టాడు. “అవసరమైతే కొన్నాళ్ళు మలం సంచి ఇక్కడ తగిలిస్తాం.”

పక్కనున్న కూతురు గబుక్కున అమ్మ చెయ్యి పట్టుకుంది. నెల రోజులుగా సంచి మాటెత్తితే చాలు, అమ్మ అంతెత్తున లేస్తోంది.

“అక్కడ కుదరదు,” అంది దర్జీ.

“అమ్మా, మళ్ళీ మొదలెట్టకు.”

“కొలత తప్పితే ఊరుకోమంటావా?”

ఆమె లేచి కూర్చుని, కుట్టు మిషను ముందు వంగినట్టు వంగింది. సున్నా పొట్ట మడతలో మాయమైంది.

“పడుకోబెట్టి కొలిస్తే ఇంతే బాబూ. పైగా నడుం పట్టీ సరిగ్గా దాని మీదే పడుతుంది.”

డాక్టరు చేతిలోని పెన్ను లాక్కుని, రెండు వేళ్ళు పైన తనే ఇంకో సున్నా చుట్టుకుంది.

డాక్టరు వంగి, తడిమి చూశాడు. “నిజమే,” అని తను చుట్టింది తుడిచేశాడు.

“సంచి వద్దన్నావుగా?” కూతురు మెల్లగా అడిగింది.

“ఇప్పటికీ వద్దనే అంటున్నాను. తగిలించారే అనుకో, నా మిషనుకి మాత్రం అడ్డం రాకూడదు.”