కుశలమడిగే తెర

పెళ్లయి నెల కాలేదు. "మా ఆయన" అనడానికే నాకింకా సంబరం. ఆ సంబరంలో జీడిపప్పు ఉప్మా కలుపుతుంటే గోడమీది తెరలోంచి మున్సిపల్ కౌన్సిల్ యంత్రం మా అత్తయ్యని పలకరించింది. ఏటా ఇంటింటినీ ఇలాగే అడుగుతుంది. ఏ వైద్యసేవ బాగాలేదని రోగులు ఎక్కువగా చెబితే, కౌన్సిల్ దాన్నే తనిఖీకి ఎంచుకుంటుంది.

"పిన్నిగారూ, డయాలసిస్ కేంద్రం ఎలా ఉంది?"

"బాగుంది నాయనా," అంది అత్తయ్య. నిన్ననే అక్కడ మిషన్ మధ్యలో ఆగిపోతే, ఉబ్బిన కాళ్లతో ఇంటికొచ్చింది.

"అదేంటత్తయ్యా!"

"పలకరించినోళ్లకి బాగోలేదని సెప్తే ఏం మర్యాదే? ఊరంతా ఇలాగే సెప్తాది."

అందుకే ఆ కేంద్రానికి తనిఖీ ఎప్పుడూ రాలేదన్నమాట! తెర ముందుకు దూకాను. "బాగాలేదు. రాసుకో."

"రోగి చెప్పిందే చెల్లుతుందమ్మా."

"అయితే మళ్లీ అడుగు. ఎలా ఉందని కాదు, కాళ్లు చూపించమని అడుగు."

యంత్రం తటపటాయించి అడిగింది. అత్తయ్య నన్నొకసారి చూసి, చీర కుచ్చిళ్లు పైకెత్తింది.

"సూడు. ఏం బాగోలేదు. పోకు నాయనా, ఉండు. ఈదిలో కాళ్లు ఉబ్బినోళ్లందరినీ పిలుస్తాను."