పెద్ద జీవి: సంపత్, బాన్సువాడ

సంపత్‌కు పొద్దుటి నుంచీ ఒళ్లు మండిపోతోంది.

సాయంత్రం ఆరింటికి సైన్స్ ఫిక్షన్ సీరియల్ పదకొండో ఎపిసోడ్ వస్తుందనీ, అందులో సంపత్ వేరే గ్రహం జీవి వేషం కట్టాడనీ గల్లీ మొత్తం చాటేశాడు మొబైల్ షాపు మధుకర్. ఐదున్నరకే పదిమంది వచ్చి ఇంట్లో ఉన్న రెండు చాపలూ ఆక్రమించారు. పొమ్మని అనలేడు, రమ్మని పిలవనూ లేదు.

అక్క వైశాలి మూలన కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. అమ్మానాన్నలు పోయాక ఈ బీడీలతోనే తమ్ముణ్ని డిగ్రీ దాకా చదివించింది.

"తమ్ముడు టీవీల వస్తుంటే నువ్వు ఆకు కత్తిరించుకుంట కూసున్నవేంది?" పక్కింటి అంజమ్మ దెప్పింది.

"చెవులు గిటే ఉన్నయి అవ్వా" అంది వైశాలి, తలెత్తకుండానే.

మే నెలలో నిజాంసాగర్ నీళ్లు వెనక్కిపోయి, నేల నెర్రెలు విచ్చినప్పుడు తీసిన ఎపిసోడ్ అది. ఆ నెర్రెల నేలే వేరే గ్రహం. దానిమీద తోడబుట్టిన జీవులు రెండు. చిన్నదానికి కాలు విరుగుతుంది. గ్రహం ఇంకాసేపట్లో పేలిపోతుంది. భూమి నుంచి వచ్చిన అంతరిక్ష నౌకలో ఒక్కరికే చోటుంది. చిన్నదాన్ని వదిలేసి ఎక్కమంటాడు కెప్టెన్. పెద్దది ఎక్కదు. చిన్నదాన్ని వీపున వేసుకొని నడక మొదలుపెడుతుంది.

ఆ నడక తీయడానికే నాలుగు రోజులు పట్టింది. నెత్తి నుంచి కాలివేళ్ల దాకా బూడిదరంగు రబ్బరు తోలు, కళ్ల దగ్గర రెండు చిల్లులు. ఫొటోలు దిగనివ్వలేదు. తోలు తొడిగి వీపున జిప్పు వేయడానికి ఇంటి మనిషిని తెచ్చుకోమన్నారు. అందుకని వైశాలి బీడీల పని మానుకొని రోజూ తమ్ముడి వెంట వెళ్లింది. తిరిగొచ్చాక వారం రోజులు నడుము పట్టేసి మంచం దిగలేదు. షూటింగ్ చూసినదానికే నడుము నొప్పా అని గల్లీ అంతా ఒకటే నవ్వు.

ఎపిసోడ్ మొదలైంది.

"ఏడున్నవురా?" అంజమ్మ కళ్లు చికిలించింది.

"గదే అవ్వా, పెద్దది" అన్నాడు మధుకర్.

"మొఖం కనవడ్తలేదు గదా!"

"కనవడది. ఆఖరి దాకా కనవడది" అని విసుక్కున్నాడు సంపత్. "గంత ఎండల గంత కష్టం చేసినంక మొఖమే సూపెట్టకపోతే ఏం ఫాయిదా? ఎవలు చేసిన్రో ఎవలకెరుక?"

"పేరు వేస్తరు గదనే" అన్నాడు మధుకర్.

"పేరు!" సంపత్ పళ్లు కొరికాడు.

ఊరుకోమన్నట్టు చూసింది వైశాలి.

ప్రకటనల మధ్యలో సంపత్ ఫోన్ మోగింది. సీరియల్ కంపెనీ మేనేజర్. అడగకుండానే స్పీకర్ నొక్కేశాడు మధుకర్. రెండో భాగంలో పెద్ద జీవి మళ్లీ వస్తుందట. ఎనిమిది ఎపిసోడ్లట. ఆ నడక ఇంకెవరికీ రావడం లేదు, ఆ మనిషే కావాలి, రేపు పొద్దున్నే హైదరాబాద్ రావాలి. ఎపిసోడ్ అయ్యాక మళ్లీ ఫోన్ చేస్తానని, అప్పటికి ఔనో కాదో తేల్చి చెప్పమన్నాడు. కాదంటే వేరేవాళ్లను చూసుకుంటారట.

ఇల్లంతా చప్పట్లు. డిగ్రీ అయి రెండేళ్లుగా పని లేక తిరుగుతున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? సంపత్ మాత్రం ఫోన్ బోర్లించి, మొహం గంటు పెట్టుకొని కూర్చున్నాడు.

"వస్తనని చెప్పు" అంది వైశాలి.

"చెప్ప."

"ఫికర్ ఎందుకురా? నేను ఎంబడి వస్త గదా."

"నువ్వు వచ్చుడే నాకు వద్దు!" గట్టిగా అరిచాడు.

అందరూ బిత్తరపోయారు. "పెంచిన అక్కనారా గట్ల కసురుతవ్?" అని అంజమ్మ కోప్పడింది. "నాలుగక్షరాలు రాంగనే కండ్లు నెత్తికెక్కినయా?"

సంపత్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎవరికీ కనిపించలేదు, అప్పటికే అందరూ మళ్లీ టీవీలో పడ్డారు.

పెద్ద జీవి మోకాళ్ల మీద కూలబడింది. లేచింది. మళ్లీ పడింది. అంతరిక్ష నౌక వెళ్లిపోయింది. చిన్నదాన్ని ఒడిలో పడుకోబెట్టి, ఎండ తగలకుండా దానిమీదికి వంగింది. అంజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

పేర్లు వచ్చాయి. "పెద్ద జీవి: సంపత్, బాన్సువాడ."

ఈలలు. అంజమ్మ సంపత్‌కు దిష్టి తీసి మెటికలు విరిచింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది వైశాలి. చేతులకున్న తంబాకు పొడి రాలుతున్నా ఆపలేదు, ఆమె మొహం వెలిగిపోతోంది. అది చూసి ఇక తట్టుకోలేకపోయాడు సంపత్.

ఫోన్ మోగింది.

"ఏం సంపత్, వస్తున్నావా?"

చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది వైశాలి.

"సార్, తోలు తొడగంగనే ఊపిరాడక నాలుగు దినాలు వ్యాను ఎన్క కూసున్నోన్ని నేను, గా నడక మా అక్కది."