గోరు దిగని మైనం

"గోటితో గిచ్చుతావేంటయ్యా? కళ్లు కనబడట్లేదా? అవి ఆర్డరుకిచ్చే సరుకు!"

అహల్య అరుపుకి ఎవరో ముసలాయన అరుగు మీది కొవ్వొత్తి మీంచి చెయ్యి తీసేశాడు.

"మెత్తగా ఉందమ్మా. గోరు దిగిపోతోంది. చర్చిలో నిలబడదు."

ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు. అందుకే ఒళ్లు మండింది. చర్చికని ఆయనకెలా తెలిసిందో కూడా అడగలేదు.

ఈస్టరుకి రెండు వందల కొవ్వొత్తుల ఆర్డరు. పొగ రాని సోయా మైనంతోనే కావాలన్నారు ఫాదర్. నూజివీడు ఎండకి మొదటి విడత మధ్యాహ్నానికల్లా వంగిపోయింది. గట్టిపడుతుందని స్టియరిక్ యాసిడ్ కలిపింది. చాల్లేదని ఇంకాస్త కలిపింది. ఈసారి నిలువునా పగుళ్లు!

"శనివారానికి తేలకపోతే ఈ గది మామిడికాయల ట్రేలకి ఇచ్చెయ్," అన్నాడు భర్త ప్రభాకరరావు. కాయల వ్యాపారి, సీజన్ ముంచుకొస్తోంది.

గది పోతే ఆమె పనీ పోయినట్టే.

మర్నాడు పొద్దున్నే ముసలాయన మళ్లీ వచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తూ, మెట్టు దగ్గర తూలాడు.

"అప్పుడే తాగొచ్చావా?"

ఆయన సంచిలోంచి పొట్లం తీసి అరుగు మీద పెట్టాడు.

"తవుడు మైనం అమ్మా. తవుడు నూనె మిల్లులో వస్తుంది. కేజీకి యాభై గ్రాములు చాలు. ముందు దీన్ని కరిగించాకే మీ సోయా వెయ్యండి."

"నీ సలహాకో దణ్ణం. వెళ్లు!"

వెళ్లాడు, గోడ పట్టుకునే.

శుక్రవారం సాయంత్రానికి ఇంకో విడతా పగిలింది. మిగిలింది ఆఖరి బస్తా. అహల్య స్టవ్ ముందు కూలబడి ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుంటుంటే పొట్లం కనబడింది. ఇంక పోయేదేముందిలే అనుకుని విప్పింది.

శనివారం మిట్టమధ్యాహ్నం. రెండు వందలూ నిటారుగా నిలబడ్డాయి. బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూసింది. దిగలేదు.

పెట్టెలు చర్చిలో దించి ఫాదర్‌ని అడిగింది.

"గోటితో గిచ్చి చూసే ముసలాయన ఒకరున్నారండీ. మీకేమైనా తెలుసా? కాళ్లకి దణ్ణం పెట్టుకోవాలి."

"రాయప్ప గారా? నిన్ననే కూతురొచ్చి చింతలపూడి తీసుకెళ్లిపోయిందమ్మా."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"ఇంక రారమ్మా," అన్నారు ఫాదర్. "ముప్పై ఏళ్లు మన కొవ్వొత్తులన్నీ పోసింది ఆయనే. చూపు పూర్తిగా పోయాక, ఈ ఆర్డరు మీకిమ్మని అడిగిందీ ఆయనే."