మేడిచెట్టుకొచ్చిన చుట్టం

పెరట్లో మేడిచెట్టు కొమ్మలు ఊగుతున్నాయి. గాలి లేదు.

ఎమిలీ దుర్భిణి కుర్చీలో పెట్టి వరండా మెట్లు దిగింది.

అనుకున్నట్టే, ప్రతి జనవరిలో వచ్చే ముసలాయన. తల ముగ్గుబుట్టయినా చేతిలో మాత్రం పొడవాటి వెదురు కర్ర, దాని కొసన తుమ్మకంప. తెగిన పతంగుల కోసం పిల్లలు పట్టుకు తిరిగే కర్ర.

"ఈ వయసుల పతంగులేంది పెద్దమనిషీ?"

"పతంగుల కోసం కాదమ్మా. దారం కోసం."

"దారం మళ్ల అమ్ముకుంటవా?"

"అమ్ముడు ఎప్పుడో బంద్ చేసిన."

అతను కొమ్మల్లోంచి లాగిన గాజుపొడి మాంజాను వేళ్లకు చుట్టి సంచిలో వేసుకున్నాడు. ఆ వేళ్ల నిండా పాత కోతలే.

ఎమిలీకి ఒళ్లు మండింది. "నీ కర్రకు నా పిట్టలు బెదిరిపోతున్నయ్. జర బయటికి నడువు."

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. నాంపల్లి స్టేషన్ వెనక ఆ గల్లీలో చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. పెంకుటిల్లు, పెరడు మిగిలింది ఆమెకే. ఎండాకాలం కోయిల తెల్లారకముందే లేపేది. వానలు పడితే మందార కొమ్మల్లో పికిలిపిట్టలు గూడు కట్టేవి. చలి మొదలవగానే మేడిపండ్లు వెతుక్కుంటూ ఎక్కడినుంచో ఒక పసుపు పిట్ట వచ్చేది. ఒళ్లంతా పసుపు, కళ్లకు కాటుక.

భర్త ప్రేమ్‌రాజ్ ఉన్నన్నాళ్లూ దాన్ని మొదట చూసేది ఆయనే. ఆదివారం చర్చికి ఆలస్యమవుతున్నా సరే, వంటింట్లోకి తొంగిచూసేవాడు.

"చుట్టాలొచ్చిన్రు ఎమిలీ. చాయ్ పెట్టు."

రెండు కప్పులు పట్టుకుని ఆమె వరండాలోకి వచ్చేది. చాయ్ చల్లారేదాకా ఇద్దరూ ఆ చెట్టు వైపే చూసేవారు.

ఆయన పోయాక కూడా పిట్ట రావడం మానలేదు. చలికాలంలో దాని ఈల మొదటిసారి వినగానే ఇప్పటికీ ఎమిలీ చెయ్యి రెండో కప్పు మీదికి పోతుంది. పిట్ట ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఆయన ఉన్నట్టే ఉంటుంది ఆమెకు.

అలాంటి చెట్టు కింద ఎవరో కర్ర తిప్పితే ఎట్లా ఊరుకుంటుంది? ఆ సాయంత్రమే బేగం బజార్ వెళ్లి తాళం కొనుక్కొచ్చి వెనక గేటుకు వేసింది.

మర్నాడు ముసలాయన గేటు బయట నిలబడ్డాడు.

"పై కొమ్మల్ల ఇంక దారాలున్నయమ్మా. నన్ను రానియ్యకుంటే మానె, ఎవరితోనన్న తీపియ్యి."

"నా చెట్టు సంగతి నేను చూసుకుంట. నువ్వు పో."

చూసుకోలేదు. ఆ మాటే మరిచిపోయింది.

ఏడాది తిరిగింది. పసుపు పిట్ట వచ్చింది. పతంగుల రోజులూ వచ్చి పోయాయి. ముసలాయన మాత్రం రాలేదు. తాళం బాగానే పనిచేసిందని ఎమిలీ మురిసిపోయింది.

ఒక ఉదయం పెరట్లో కాకులు ఒకటే గోల. దుర్భిణి పెట్టి చూసింది.

పైకొమ్మకు పసుపు పిట్ట తలకిందులుగా వేలాడుతోంది. రెక్కకు మాంజా చుట్టుకుంది. కొట్టుకుంటున్నకొద్దీ బిగుసుకుంటోంది.

పిట్టల్ని కాపాడేవాళ్లకు ఫోన్ చేసింది. చాదర్‌ఘాట్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామన్నారు. ఎప్పుడొస్తారో చెప్పలేకపోయారు.

ఎమిలీకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే వెదురు కర్ర గుర్తొచ్చింది.

గేటు తాళం తీసి గల్లీ చివర చాయ్ హోటల్‌కు పరుగెత్తింది.

"ఆ పతంగుల ముసలాయన ఎక్కడుంటడు?"

"వెంకటనర్సయ్యనా? ఎనక బస్తీల, బోరింగు పక్కిల్లు. గని అమ్మా..."

మిగతా మాట వినకుండానే వెళ్లిపోయింది.

తలుపు తీసింది అతని భార్య యాదవ్వ.

"ఆయన వానకాలంల పోయిండు గదమ్మా," అంది.

"పెరట్ల పిట్ట చిక్కుకుంది..." అని మాత్రం అనగలిగింది ఎమిలీ.

యాదవ్వ మూలనున్న కర్ర తీసుకుని ముందు నడిచింది.

చెట్టు కింద ఆ కర్రను ఎమిలీ మొదటిసారి దగ్గరగా చూసింది. తుమ్మకంప నడుమ చిన్న కొడవలి కట్టి ఉంది.

"కొంగు పట్టమ్మా."

దారం తెగింది. పిట్ట కొంగులో పడింది. యాదవ్వ ఈకల సందుల్లోంచి మాంజాను ఓపిగ్గా విడదీసింది. కొంచెం నెత్తురు వచ్చింది, అంతే. పిట్ట కాసేపు గుడ్లప్పగించి చూసి, గోడ మీదికి ఎగిరి, అక్కణ్నుంచి చెట్టెక్కింది.

ఎమిలీ లోపలికి వెళ్లి చాయ్ పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత రెండో కప్పు కూడా నింపింది. యాదవ్వను ప్రేమ్‌రాజ్ కుర్చీలో కూర్చోబెట్టింది.

"ప్రతి ఏడు ఆయన చేసింది గిదేనా?"

"ఔ. పతంగులయిపోయినంక ఈడికెళ్లి అబిడ్స్ దాక ఏ చెట్టునూ ఇడిచిపెట్టలే."

"నేను దొంగను చూసినట్టు చూసిన. పిట్టల కోసమని ఒక్క మాట చెప్పొద్దా?"

"ఏ మొఖం పెట్టుకొని చెప్తడమ్మా?" యాదవ్వ తెగిన మాంజా ముక్కను వేలికి చుట్టుకుంది. "మా ఇంటి ముంగట ఆరబెట్టిన దారంకు గిసొంటి పిట్టనే తగిలి సచ్చిపోయింది. గా దినం దాక ఈ గల్లీలన్నిటికి మాంజా రుద్ది అమ్మింది ఆయననే."