మూత పరీక్ష

సూపర్‌వైజర్ సబ్బు నీళ్ల డబ్బా తెచ్చి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

“పట్టీలు కట్టుకున్న ఐదుగురూ వరసగా రండి. ఒక్కొక్కరూ ఈ మూత తిప్పండి. ఎవరి నొప్పి ఏపాటిదో ఇప్పుడే తేల్చేస్తాను.”

ఆ పెద్ద లాండ్రీలో కూర్చుని చేసే పని ఒక్కటే. రుమాళ్లు మడతపెట్టడం. దానికి ఉన్నదీ ఒక్క కుర్చీయే. మిగతా ఆడవాళ్లంతా రోజంతా నిలబడి, మిషన్లోంచి తడి దుప్పట్లు లాగి, దులిపి, ఇస్త్రీ రోలరుకి అందించాలి. కీళ్లవాతంతో వేళ్లు వాచిపోయిన పెద్దక్క మణికట్టు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ వేసుకుని వస్తే, చూసి జాలిపడి ఆ కుర్చీ ఇచ్చారు. అంతే, ఆ వారంలోనే కీళ్లవాతం అంటువ్యాధి అయి కూర్చుంది. సోమవారం ఇద్దరికి తగిలింది. బుధవారానికి నలుగురయ్యారు. అందరి చేతులకీ పట్టీలే. ఒకామె పట్టీ పొద్దున కుడిచేతికీ మధ్యాహ్నం ఎడమచేతికీ ఉండేది. టీ వేళకి మాత్రం అందరికీ ఇట్టే తగ్గిపోయేది. వైద్యులెవరూ ఈ సంగతి ఇంకా కనిపెట్టలేదు.

“సార్, నా దగ్గర డాక్టరుగారి చీటీ ఉంది” అంది పెద్దక్క.

“డాక్టరుకేం పోయింది, రాసి పారేస్తాడు. నేను కళ్లారా చూస్తేగానీ నమ్మను. నా చెవిలో పూలు పెడదామనుకుంటున్నారేమో, ఇన్నేళ్ల సర్వీసు నాది!”

ఆయన తెలివికి అక్కడ అంతు లేదు. కొలిచేవాళ్లు లేరు మరి. మూత ఆయనే పొద్దున రెండు చేతులతో, పళ్లు బిగించి మరీ బిగించి పెట్టుకున్నాడు.

మొదట కబుర్లమ్మ వచ్చింది. లాండ్రీలో అందరి ఇళ్ల సంగతులూ అందరికీ చేరవేసే మనిషి. చెయ్యి మూతకింకా జానెడు దూరంలో ఉండగానే “అమ్మో! చచ్చాను దేవుడో!” అని కేక పెట్టింది. రోలరు దగ్గరున్నవాళ్లు మిషన్ ఆపేసి పరుగెత్తుకొచ్చారు.

“అయ్యయ్యో, ఇంత నొప్పా? కూర్చో కూర్చో” అని సూపర్‌వైజర్ కంగారుపడ్డాడు.

రెండో ఆమె పెదవి కొరుక్కుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడో ఆమె మూతని ముట్టుకుని, గోడకి ఆనుకుని, పిల్లలు జాగ్రత్త అని చెప్పింది. నాలుగో ఆమె వెనక్కి తిరిగి, మెత్తటి దుప్పట్ల కుప్ప ఎక్కడుందో చూసుకుని, దాని మీదే మూర్ఛపోయింది. ఆమె మొహాన నీళ్లు చల్లింది సూపర్‌వైజరే. ఆయన మొహం చూస్తే జాలితో కరిగిపోయేలా ఉన్నాడు.

పెద్దక్క వంతు వచ్చింది. ఈ మూత కూడా తెరవలేనిది ఇంకేం పనికొస్తుందని ఇంటికి పంపేస్తే? ఈ వయసులో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు? అందుకని స్ప్లింట్ పట్టీలు ఇంకాస్త బిగించింది. డబ్బాని కడుపుకి ఆనించుకుంది. ఆస్పత్రిలో నేర్పినట్టే వేళ్లతో పట్టుకోకుండా, అరచెయ్యి మూత మీద ఆన్చి, మణికట్టు కదపకుండా, బరువంతా భుజం మీద వేసి తిప్పింది.

టప్‌మని మూత ఊడొచ్చింది.

పెద్దక్క నవ్వబోయింది. సూపర్‌వైజర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“దొరికావ్! నేననుకుంటూనే ఉన్నా! ఆ నలుగురూ ప్రాణాలు పోగొట్టుకుంటుంటే నువ్వు నవ్వుతూ తెరిచేశావ్! ఇన్నాళ్లూ ఎంత నాటకం ఆడావు పెద్దక్కా!”

“పాపిష్టిది” అంది కబుర్లమ్మ నేల మీంచి.

“నాటకం కాదు సార్! నా చెయ్యి కాదు, ఇది తెరిచింది” అని పెద్దక్క స్ప్లింట్ చూపించింది. “లోపల గట్టి పలక ఉంది, చూడండి. మణికట్టుని మెలిపడనివ్వదు. వేడి నీళ్లలో మెత్తబరిచి, నా చేతికి అచ్చుగుద్దినట్టు వంచి ఇచ్చారు. దీనివల్లే నొప్పి తెలియలేదు.”

“ఇది లేకపోతే?”

“లేకపోతే చెంచా కూడా ఎత్తలేను సార్. పొద్దున్నే ఇది పెట్టుకునేదాకా జుట్టు ముడేసేది కూడా మా కోడలే. ఒట్టు!”

సూపర్‌వైజర్ మొదటిసారి ఆలోచనలో పడ్డాడు. ఆమె చెయ్యి పట్టుకుని స్ప్లింట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో పలక మీద కొట్టాడు. ఊడిన మూతని చూశాడు. మళ్లీ స్ప్లింట్‌ని చూశాడు.

“నువ్వన్నది నిజమే పెద్దక్కా. పట్టీ వేసుకున్న ఐదుగురిలో నొప్పి తగ్గింది నీకొక్కదానికే. అంటే ఇది నిజంగా పనిచేస్తోంది.”

పెద్దక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఇన్నాళ్లకి ఒక్క మనిషికైనా అర్థమయింది అనుకుంది. కళ్లు చెమర్చాయి.

“ఇంకేం మరి?” అన్నాడాయన, దుప్పట్ల మిషన్ వైపు చెయ్యి చూపిస్తూ. “అది విప్పి కబుర్లమ్మకి ఇచ్చి వెళ్లు. నొప్పంతా పాపం ఆవిడకి కదా ఉంది!”