ఎరుపు లేని డబ్బా

"ఇది మీది కాదు పెద్దమ్మా," అంది యస్నా, తెల్ల డబ్బా మీద చెయ్యి వేసి.

"నాది కాక ఇంకెవరిది? ఇలాంటిది కూడా ఎవరైనా అరువు తెచ్చుకుంటారా?" అంది ఎర్మెలిందా.

యస్నాకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. తెముకో పట్నంలోని ఆ ల్యాబులో మలంలో పిత్త ఆమ్లాలు కొలవడం ఆమె పని. పిత్తాశయం తీసేసిన వాళ్లలో కొందరికి, అప్పుడప్పుడూ ఏ ఆపరేషనూ కానివాళ్లకీ, ఆ ఆమ్లాలు పేగుల్లోకి ఎక్కువగా దిగి, వేళాపాళా లేకుండా విరేచనాలవుతాయి. కొలతలో అది తేలితే ఒక పొడి మందు ఇస్తారు. తేలకపోతే ఇవ్వరు.

"పోయిన వారం మీ చేత ఎర్ర మాత్ర మింగించాను, గుర్తుందా? ఆ రంగు అరగదు, కిందికి దిగాల్సిందే. ఎరుపు కనబడ్డ దగ్గర్నుంచి రెండు రోజులు డబ్బాలో పట్టమన్నాను. ఇందులో ఎరుపన్నదే లేదు."

"నా ఒంట్లో ఏదీ నిలవదు తల్లీ. రంగు ముందే పోయిందేమో."

"పోతే కనబడేది కదా."

ఎర్మెలిందా సంచీ కొసని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"పారెయ్యడానికి మనసొప్పక కొలిచి చూశాను," అంది యస్నా. "మామూలుకి మూడింతలుంది. ఈ డబ్బా ఎవరిదో వాళ్లకి మందు కావాల్సిందే. కానీ మీది కాకుండా మీకు ఇప్పిస్తే, ఉన్న పొట్ట కాస్తా బిగుసుకుపోతుంది."

ఎర్మెలిందా చప్పున తలెత్తింది. "అయితే ఆ మందుతో తగ్గుతుందా?"

"తగ్గుతుంది. బస్సులో ఎంత దూరమైనా వెళ్లొచ్చు."

"వచ్చే నెల కరాహ్వేలో నా మేనకోడలి పెళ్లి. మా ఆయన అకార్డియన్ వాయించకపోతే చర్చి మెట్లెక్కనని కూర్చుంది పిల్ల. మేం బస్సెక్కి రెండేళ్లయింది తల్లీ. ఎక్కడికెళ్లినా పక్కింటివాళ్ల వ్యాను బతిమాలుకోవడమే."

బయట వరండాలోంచి వాళ్లాయన గొంతు వినబడింది. "ఎంతసేపు? లోపల కాపురం పెట్టారా?"

యస్నా తలుపు తీసింది. వరండా చివర, మరుగుదొడ్డి పక్క కుర్చీలో బెనాన్సియో కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, తెల్లటి గుబురు మీసం.

"అమ్మాయీ, మా ఆవిడ పొట్ట సంగతి ఏదో ఒకటి తేల్చు. దీన్ని ఒంటరిగా వదిలి నేనెక్కడికీ కదల్లేకపోతున్నాను. నా అకార్డియన్ మంచం కింద ఎలకలకి సంగీతం నేర్పుతోంది."

"నూనె తిండి సరిగ్గా తిన్నారా ఈవిడ? లేకపోతే కొలత తప్పుతుంది పెద్దయ్యా."

"బుట్టెడు సోపాయ్‌పిల్లా పూరీలు వేయించింది. ఆమెకి డాక్టరు చెప్పాడు, నాకు ఆకలి చెప్పింది. ఇద్దరం తిన్నాం."

వరండాలో అందరూ నవ్వారు. వాళ్ల ఊరావిడ ఒకరు పక్కనున్న ఆమె వైపు వంగి, "చర్చిలో కూడా తలుపు పక్కనే కూర్చుంటుంది పాపం. ప్రార్థన మధ్యలో లేచిపోతే ఆయనా వెనకే పరిగెత్తాలి. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు?" అంది, అందరికీ వినబడేలా.

ఎర్మెలిందా కూడా నవ్వింది. ఎన్నోసార్లు నవ్వి అలవాటైన నవ్వు.

ఆ నవ్వు చూశాక యస్నాకి ఇంకేం అడగబుద్ధి కాలేదు. సిగ్గుపడి ఆడబిడ్డ డబ్బానో, పక్కింటామె డబ్బానో పట్టుకొచ్చేవాళ్లు అప్పుడప్పుడూ ఉంటారు. ఈవిడా అంతే అనుకుంది. లోపలికి వెళ్లి కొత్త డబ్బా, గ్లాసుతో నీళ్లు, ఇంకో ఎర్ర మాత్ర తెచ్చింది.

"ఇక్కడ వద్దు," అంది ఎర్మెలిందా మెల్లగా. "ఇంటికిచ్చెయ్యి. ఈసారి ఎర్రగా వస్తుంది. నన్ను నమ్ము."

ఎదుటే మింగించాలన్నది నియమం. యస్నా ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మాత్రని కాగితంలో చుట్టి ఆమె గుప్పిట్లో పెట్టింది.

"రేపు పొద్దున తిండితో పాటు వేసుకోండి. కొరక్కూడదు, గుటుక్కున మింగాలి. పగిలిందా, ఆ రంగు ఎక్కడ తగిలితే అక్కడే అంటుకుపోతుంది. వారం దాకా సబ్బుకి కూడా లొంగదు."

సోమవారం వాన. వ్యాను దిగి బెనాన్సియో ఒక్కడే వచ్చాడు. మెడ చుట్టూ, మూతి మీదుగా ఉన్ని మఫ్లర్ చుట్టుకున్నాడు. చంకలో డబ్బా.

"దానికి సిగ్గట. నన్ను పంపింది," అన్నాడు మఫ్లర్ లోపల్నుంచే.

యస్నా డబ్బా మూత తీసింది. బీట్‌రూట్ పిండినట్టు ఎర్రగా ఉంది. ఆమెకి ప్రాణం కుదుటపడింది.

"వచ్చింది పెద్దయ్యా. కొలత కూడా మొన్నటిలాగే వస్తే శుక్రవారం డాక్టరు మందు రాసిస్తారు. ఇక అకార్డియన్ దుమ్ము దులపండి."

బెనాన్సియో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రెండేళ్లుగా ఊరంతా దాన్ని చూసి నవ్వుతోంది అమ్మాయీ. పిల్లలు కూడా. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు, ఒక్కనాడు నా మీద విసుక్కోలేదు. ఆ పెళ్లిలో దాన్ని చర్చి నడిమధ్య కూర్చోబెడతాను. మొదటి పాట దానికోసమే వాయిస్తాను."

"ఆవిడ అదృష్టవంతురాలు," అంది యస్నా.

"నాకంటేనా?" అన్నాడాయన.

వెళ్లొస్తానంటూ, అక్కడి మర్యాద ప్రకారం యస్నా చెంప మీద ముద్దు పెట్టడానికి వంగి, మఫ్లర్ కిందికి లాగాడు. ఆ తెల్లటి మీసం ఒక పక్కంతా ఎర్రగా ఉంది.