కనుబొమ్మ మీద గాటు

1998 ఆగస్టు, మంగళవారం మధ్యాహ్నం. ఫీజుల పెంపు వద్దంటూ రాజమండ్రిలో తీసిన ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపారు. చేపల మార్కెట్ మలుపులో ఒకరు చనిపోయారు. ఆసుపత్రికి వచ్చి, తన కొడుకు శరత్‌చంద్రేనని మాణిక్యాంబ శవాన్ని గుర్తుపట్టింది. శవంతో ఊరేగింపు తీస్తారన్న భయంతో ఆ సాయంత్రమే పోలీసులు దహనం చేయించారు.

పది నెలల తర్వాత కొత్తపేటలోని తన షెడ్డులో, మట్టి ముఖం ముందు నిలబడి శిల్పి అప్పాజీ తల గోక్కున్నాడు.

“ముక్కు ఇంకాస్త వెడల్పు చెయ్యండి,” అంది మాణిక్యాంబ.

“ఫొటోలో సన్నగానే ఉందండి అమ్మగారూ.”

“ఫొటోలో ఉంటుందిలెండి.”

విగ్రహం చేయిస్తున్నది విద్యార్థి సంఘం. సంఘం తరఫున వచ్చిన మణిశంకర్‌దీ శరత్‌దీ ఒకే హాస్టల్ గది.

“పిన్నిగారూ, ఇలాగైతే కాలేజీలో ఎవరూ పోల్చుకోరండి. పురుగుల అన్నం కంచంతో సహా ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టొచ్చిన మనిషండి వాడు! గాలేస్తే పడిపోయేలా ఉండేవాడు. ఈ మెడేంటండి, బస్తాలు మోసినట్టు?”

“ఆసుపత్రిలో నువ్వు చూశావా బాబూ?”

“మమ్మల్ని లోపలికి రానివ్వలేదు కదండీ.”

“నేను చూశాను. ఎడమ కనుబొమ్మ మీద గాటు పెట్టండి అప్పాజీగారూ.”

“గాటేంటండి? మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం.”

“ఉంది. పెట్టండి.”

అప్పాజీ తండ్రి కాలం నుంచీ ఆ షెడ్డులో ఒకటే పద్ధతి. మట్టి ముఖం చూసి ఇంటివాళ్లు ఔనంటేనే పోత పోస్తారు. ఫొటోకీ తల్లికీ తేడా వస్తే తల్లి మాటే చెల్లుతుంది. అప్పాజీ పుల్లతో గాటు గీశాడు. ఆవిడ వంగి చూసి, “కాస్త పైకి,” అంది. పోలిక కుదిరిన చోట తల్లులు ఏడుస్తారు. ఈవిడ ఏడవలేదు.

బయట టీ తాగుతూ అప్పాజీ మణిశంకర్‌ని అడిగాడు. “ఆవిడకి మతి స్థిమితంగానే ఉందా బాబూ? రేపు పోలిక రాలేదంటే పోయేది నా పేరు.”

“ఏమోనండి. మాసికాలు పెడతానని మేనమామ వస్తే గుమ్మం ఎక్కనివ్వలేదట. పోలీసులకి మాత్రం బుద్ధొచ్చింది. వాడి మీద కేసులన్నీ మూసేశారు. వాడి కోసం వెతుకుతూ వారం వారం ఇంటి మీద పడేవాళ్లు, ఇప్పుడు ఆ వీధికే రావట్లేదు.”

మాణిక్యాంబ వాళ్ల దగ్గరికి వచ్చింది. “కాలేజీలో వద్దు బాబూ. చేపల మార్కెట్ మలుపులోనే పెట్టించండి. దిమ్మె ఎత్తు వద్దు. ముఖం చేతికి అందాలి.”

“ఆ వాసనలో ఎవరు చూస్తారండీ?”

“చూడాల్సినవాళ్లు చూస్తారు.”

ఆగస్టులో ఆవిష్కరణ జరిగింది. నినాదాలయ్యాయి. “ఇతను శరతేనా?” అని ఇద్దరు అప్పాజీనే అడిగారు. అతను దండలు సర్దుతున్నట్టు అటు తిరిగాడు. జనం పలచబడ్డా మాణిక్యాంబ కదల్లేదు.

ఉప్పాడ నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే అచ్చాయమ్మ అటుగా వచ్చింది. విగ్రహం ముందు ఆగి, గంప దించింది. కనుబొమ్మ మీద గాటు తడిమింది. మాణిక్యాంబ తల దించుకుంది.

“ఏడాదిగా ఎతుకుతున్నానండీ. ఈడు మా పెద్దోడండీ,” అంది అచ్చాయమ్మ.